నాగభూషణం ట్రాక్టర్ ఎందుకు హీటెక్కుతోంది

ట్రాక్టర్ బాగుచేయడం కష్టం కాదు. దాని గురించి ఊళ్లో వాళ్లు చెప్పేది వినడం కష్టం. నరసరావుపేట రోడ్డు మీద మెకానిక్ షెడ్డు పెట్టిన దగ్గర్నుంచి నేను వింటూనే ఉన్నాను. ఇంజన్ వీకయిందంటాడు ఒకడు. డీజిల్ కల్తీ అంటాడు ఇంకొకడు. "బండికి దిష్టి తగిలింది, జాన్ సాయిబూ" అని టీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాడు తేల్చేస్తాడు. బానెట్ ఎత్తి చూసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

నాగభూషణం అన్న ట్రాక్టర్ విషయంలోనూ ఇదే తంతు. వాళ్ల పెద్దమ్మాయి సాహితి పుట్టిన ఏడు కొన్న బండి అది. ఆ అమ్మాయికే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. రంగు ఎక్కడ అయిపోయి తుప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. అయినా మా ఊరి ప్రభను శివరాత్రికి కోటప్పకొండకు లాగేది ఏటా అదే.

ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. వెదురూ సరుగుడు కర్రలూ కట్టి, మేడ మీద మేడంత ఎత్తు లేపి, నిండా లైట్లు బిగించి, చక్రాల మీద నిలబెట్టి కొండకు తీసుకెళ్తారే, అదీ ప్రభ. దాని ముందు ట్రాక్టర్ సీట్లో కూర్చునేవాడికి ఆ ఒక్కరోజు ఊరి పెద్దలకు కూడా దొరకని మర్యాద దొరుకుతుంది. దారి పొడుగునా జనం పేరు పెట్టి పిలుస్తారు. నాగభూషణం అన్న ఏడాదంతా ఆ ఒక్కరోజు కోసమే బతుకుతాడని నా అనుమానం. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. కాదనలేదు.

పోయిన ఏడు కొండ కనబడుతూ ఉండగానే బండి హీటెక్కి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. రేడియేటర్ మూతలోంచి ఆవిరి బుసలు కొట్టింది. వెనక నాలుగూళ్ల ప్రభలు ఆగిపోయాయి. ఆ ఊళ్ల వాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆఖరికి మా ఊళ్లోనే ఉండే ప్రదీప్ వాళ్ల కొత్త ట్రాక్టర్ తెచ్చి తగిలించి మా ప్రభను లాగారు. అన్న ఆ దుమ్ములో వెనక్కి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. తర్వాత చాలారోజులు టీ కొట్టు వైపు రాలేదు.

ఈ ఏడు ప్రభ కమిటీకి కృష్ణచైతన్య పెద్ద. కుర్రాడే గానీ మాట నిక్కచ్చి. మర్యాదగానే చెప్పాడు.

"బాబాయ్, నీళ్ల ట్యాంకర్ తగిలించుకోని ఫస్ట్ గేర్లో కాలవ దాకా పోయిరా. ఆవిరి రాకపోతే ప్రభ నీదే. వస్తే మాత్రం ప్రదీప్ బండి కడతాం. మళ్లీ అనుకోబాక."

అందులో తప్పేం లేదు. కమిటీలో నేనున్నా అదే మాట అంటాను. కానీ ఆ మాట విని వచ్చిన నాగభూషణం అన్న మొహం చూస్తే, ఇంట్లో ఎవరికో బాగాలేదేమో అనిపించింది.

వచ్చింది కూడా ఎలా వచ్చాడనుకున్నారు? ఎండుమిరప టిక్కీలు, అదే గోనె బస్తాలు, వెనక ట్రక్కు నిండా వేసుకుని, ముందు ఆవిరి కక్కుకుంటూ వచ్చాడు. షెడ్డు ముందు ఆపీ ఆపగానే ఇంజన్ కట్టేసి, దూకి, నా తొట్టిలోంచి బకెట్టు నిండా నీళ్లు ముంచాడు.

"పొయ్యమాక! అన్నా, పొయ్యమాకంటంటే!"

"మండిపోతంటే పొయ్యకుండా ఏం చెయ్యమంటావురా?"

"అసలు ఇంజన్ ఎవరు ఆపమన్నారు? బరువు లాగటం ఆపి, ఇంజన్ని స్లోలో తిరగనియ్యాలి. అది తిరిగితేనే గదా లోపల నీళ్లు తిరిగి చల్లబడేది. కాగిన పెనం మీద చన్నీళ్లు కొడితే ఏమయిద్ది? హెడ్డు పగిలిద్ది. అప్పుడు నా దగ్గరికి కాదు, పాత ఇనుము కొట్టుకి తోలుకో."

"మూతన్నా తీస్తా."

"తియ్యి. మొహం ఉడుకుద్ది. ఆ మొహంతో ప్రభ ఎక్కుదువు."

బకెట్టు కింద పెట్టి టైరుకు ఆనుకుని అలిగి కూర్చున్నాడు. నా తిట్లకు ఊళ్లో అందరూ అలవాటుపడ్డారు, ఆయన మాత్రం ఇప్పటికీ అలుగుతాడు.

ఇంజన్ చల్లారేలోపు సంగతంతా చెప్పించాను. పోయినేటి పండగ తర్వాత నరసరావుపేటలో ఒక షాపుకు తీసుకెళ్లాడట. వాళ్లు వాటర్ పంపు మార్చారు. రేడియేటర్ మూత మార్చారు. థర్మోస్టాట్ తీసి, ఇది ఈ ఎండల్లో అక్కర్లేదని అవతల పారేశారు. అంటే బాగున్నవి తీసి బాగున్నవి పెట్టారు, ఉండాల్సింది ఒకటి లేకుండా చేశారు. హీటెక్కేది హీటెక్కుతూనే ఉంది.

"ఎప్పుడు హీటెక్కిద్ది? దున్నేటప్పుడా, రోడ్డు మీదా?"

"ఖాళీ బండేసుకోని గాలికి పోతంటే ఏం కాదు. బరువేసి మెల్లిగా లాగితే చాలు, మరిగిద్ది."

ఆ ఒక్క ముక్క చాలా పని చేసింది. అయినా వరసగానే వెళ్లాను. నాకు ముందు మా నీళ్ల మీదే అనుమానం. పల్నాటి బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా, అదే పెచ్చు రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. గొట్టాలు పూడుకుంటే రేడియేటర్ మీద చెయ్యి పెట్టినప్పుడు ఒకచోట కాలుతుంది, ఒకచోట చల్లగా ఉంటుంది. ఇది అంతటా ఒకేలా కాలింది. సరే, గొట్టాలు కాదు. బాగా చల్లారాక గుడ్డ అడ్డం పెట్టుకుని మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి లోపలికి చూశాను. బుడగలు రావడం లేదు, కాబట్టి హెడ్ గాస్కెట్ కాదు. నీళ్లు సుడి తిరుగుతున్నాయి, కాబట్టి పంపు కాదు. బెల్టు బొటనవేలితో నొక్కి చూస్తే బిగువుగానే ఉంది.

ఇక మిగిలింది గాలి. ఆ రోజు పేపరు మడత విప్పి ఒక కాగితం రేడియేటర్ ముందు పెట్టి వదిలాను. వెనక ఫ్యాను సరిగ్గా గాలి లాగుతుంటే కాగితం అతుక్కుని అలాగే నిలబడాలి. అది మెల్లగా జారి కింద పడింది. ఇంకోసారి పెట్టాను. ఇంకోసారి పడింది.

"చదవకుండానే పారేస్తన్నావేందిరా?" అన్నాడు అన్న.

"ఊపిరాడటంలా నీ బండికి" అని, గొంతుక్కూర్చుని రేడియేటర్ ముందుభాగం మొదటిసారి సరిగ్గా చూశాను.

అది పచ్చగా ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో గీకాను. అరటిపండు తొక్కంత మందాన పెచ్చు ఊడి వచ్చింది. పసుపు, గంధం, మధ్యలో కుంకుమ బొట్టు. దాని కింద పత్తి పీచు, మిరప దుమ్ము. దాని కింద మళ్లీ పసుపు. దాని కింద మళ్లీ పత్తి. రేకుల సందులన్నీ మట్టితో మెత్తినట్టు పూడుకుపోయి ఉన్నాయి. ముక్కుకు దగ్గరగా పెట్టి వాసన చూశాను. మిరప ఘాటుకు తుమ్ములే తుమ్ములు.

తుమ్మడం అయ్యాక సంగతి అర్థమైంది.

కొన్నేళ్ల కిందట మిరప టిక్కీల లోడుతో వస్తుంటే కాలవ కట్ట మీద ఈ బండి తిరగబడింది. పక్క చేలో కూలీలు పరిగెత్తుకొచ్చి లేపేదాకా అన్న దాని కిందే ఉన్నాడు. బతికాడు. బండి ముందు జాలీ అప్పుడు నుజ్జయింది. కొత్తది వేయించమంటే, జాలీ లేకపోతే బండి నడవదా అన్నాడు. అలా రేడియేటర్ మొహం బయటపడింది. ఆ వారం నుంచి ఆయన భార్య, బాలసరస్వతి వదిన, శుక్రవారం శుక్రవారం పసుపూ గంధం కలిపి దాని మొహానికి నిండా పూసి బొట్లు పెడుతుంది. పూసేదాకా బండి గేటు దాటడానికి వీల్లేదు. ఆమె అంత భక్తురాలేమీ కాదు. గుడికి కూడా ఎవరైనా లాక్కెళ్తే వెళ్తుంది. ఈ ఒక్క పని మాత్రం జ్వరమొచ్చినా మానదు.

మొగుడు క్షేమంగా ఇంటికి రావాలని పూసిన పసుపే ఆయన బండికి ఊపిరాడకుండా చేసింది. వేరే ఎవరిదైనా అయితే అక్కడే నలుగురూ వినేలా తిట్టేవాణ్ణి. ఇది తిట్టే విషయం కాదు. పైగా నా పేరు జాన్ సాహెబ్. బండికి పసుపు పెట్టొద్దని నేనంటే అది ఏ చెవిలో ఏ మాటగా పడుతుందో. వదిన అలా అనుకునే మనిషి కాదు. కానీ ఊళ్లో టీ కొట్టు ఒకటుంది కదా.

"పత్తి పీచన్నా. గాలి పోకుండా అడ్డం పడింది" అన్నాను.

రేడియేటర్ విప్పి, సబ్బు నీళ్లలో నానబెట్టి, వెనక వైపు నుంచి ముందుకు మెల్లగా నీళ్లు కొట్టాను. ఇంటి దగ్గర మోటారు పైపు పెట్టి ముందు నుంచి కొడతారు చూడండి, దాంతో చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. షెడ్డంతా పచ్చటి నీళ్లు పారాయి.

"పత్తి ఇంత పచ్చగా ఉంటదేందిరా?"

"తుప్పన్నా."

"తుప్పు ఎర్రగా గదా ఉండేది?"

"మెకానిక్ నువ్వా నేనా?"

కొత్త థర్మోస్టాట్ వేశాను. బోరు నీళ్లు ముట్టుకోవద్దని చెప్పి, ఫిల్టర్ నీళ్లలో కూలెంట్ కలిపి పోశాను. రోజూ పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూసుకోమన్నాను. పత్తి కాలంలో వారానికోసారి రేకులు దులుపుకోమన్నాను. డాష్‌బోర్డులో హీటు చూపించే మీటరు ఎప్పుడో చచ్చింది, దాని స్థానంలో కొత్తది బిగించాను. మళ్లీ కాగితం పెట్టి వదిలితే టపీమని అతుక్కుంది. దాన్ని పీకి మళ్లీ వదిలి, మళ్లీ అతుక్కుంటే, చంటిపిల్లాడిలా నవ్వాడు అన్న.

ఆదివారం ట్యాంకర్ తగిలించుకుని కాలవ దాకా వెళ్లి వచ్చాడు. ఊళ్లో సగం మంది బైకుల మీద వెంటపడ్డారు, ఆవిరి వస్తే చూద్దామని. రాలేదు. కృష్ణచైతన్య బానెట్ మీద చెయ్యి వేసి చూసి, "ప్రభ నీదే, బాబాయ్" అన్నాడు. అన్న బండి ఇంటికి తోలుకెళ్తూ హారన్ ఊరి చివరిదాకా కొట్టుకుంటూ పోయాడు.

పండగ రోజు బెల్టూ నీళ్లూ ఇంకోసారి చూద్దామని పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ప్రభ వెంట మెకానిక్ లేకుండా ఏ ఊరూ కదలదు కాబట్టి నేనూ ఏటా కొండకు వెళ్తాను. వాకిట్లో బండికి బంతిపూల దండలు వేసి ఉన్నాయి. దాని ముందు వదిన కూర్చుని ఉంది. చేతిలో గిన్నె. పండగ కదా, మామూలు రోజుకు రెండింతలు కలిపింది.

ఇక చెప్పక తప్పదు.

"వదినా, ఒక్క నిమిషం ఆగు."

"ఏందయ్యా సాయిబూ, పొద్దున్నే? పక్కకి జరుగు."

"పసుపు బానెట్ మీద పెట్టు. బంపర్‌కి పెట్టు. చక్రాలకి పెట్టు. ఇక్కడ మాత్రం వద్దు."

"మొహానికి గాక చక్రాలకి పెడతారా ఎవరన్నా?"

"అది మొహం కాదు వదినా, ముక్కు. బండి ఊపిరి పీల్చేది అక్కడ్నించే. పసుపు ఎండి గట్టిపడుద్ది. దాని మీద పత్తి అతుక్కుంటది. ఇంక గాలి పోదు. పోయినేడు గూడా..."

అక్కడ నాలుక కరుచుకున్నాను. కానీ ఆలస్యమైపోయింది. ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది.

"పోయినేడు ఆగిపోయింది నా పసుపుకా?"

నేల చూశాను. ఔనన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. కోపం వచ్చింది.

"అయితే మంచిదేగా! ఆగిన బండి తిరగబడదు గదా! ఆ రోజు ఆయన దుమ్ము కొట్టుకోని, అందర్నీ తిట్టుకుంటా నడిచొచ్చాడు. ఊరంతా నవ్వింది. నేను మాత్రం లోపలికి పోయి, కొంగు నోట్లో కుక్కుకోని సంతోషంతో ఏడ్చా. కాళ్లమీద నడిచి ఇంటికొచ్చాడుగా, ఇంకేం కావాలి నాకు? ఇప్పుడు నువ్వొచ్చి బాగుచేశావు. ఆగకుండా పోద్ది. పసుపూ వద్దంటన్నావు. మరి నేను ఈ గడపలో కూర్చోని ఏం చెయ్యాలో గూడా చెప్పు."

ఆ బండి నాకు ఇంతకాలం రేడియేటరూ పంపూ బెల్టూ. ఆమెకు అది మొగుణ్ణి ఒకసారి మింగబోయిన బండి. తలెత్తి చూస్తే గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. కొత్త పంచె సగం కట్టుకుని, అలాగే పట్టుకుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"నాతో ఒక్కమాట అనొచ్చుగా" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"అంటే ఇంటావా నువ్వు? మాఘమాసం వస్తే నీకు ప్రభ తప్ప ఇంట్లో మనుషులు కనపడితే గదా!"

ఆమె గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇది హీటెక్కేది ముందే తెలిసే దారుందా?"

ఉందని చెప్పి, ఎక్కించి మీటరు చూపించాను. సూది ఆకుపచ్చ గీతల్లో ఉంటే భయం లేదు. ఎర్రగీత వైపు జరుగుతుంటే బరువు లాగడం ఆపాలి, ఇంజన్ మాత్రం ఆపకుండా స్లోలో ఉంచాలి, సూది దిగాక కదలాలి. ఎర్రలోకి వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు.

"ఎవరు చూస్తారు దీన్ని?"

"నడిపేవాడే చూసుకోవాల వదినా."

"ఆయన చూడడు. ఆయన జనాన్ని చూస్తాడు."

అది నిజం. ఆమె లోపలికి వెళ్లి, చీర మార్చుకుని, ఇంటికి తాళం వేసి వచ్చింది. మడ్‌గార్డ్ మీద ఎక్కి కూర్చుంది. మడ్‌గార్డ్ మీద మనుషుల్ని ఎక్కించుకునేవాళ్లను నేను రోజూ తిడుతూ ఉంటాను. ఆ రోజు నోరు మూసుకున్నాను. ప్రభ నడిచేది మనిషి నడకే కదా అని సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నానికి రోడ్డెక్కాం. డప్పులు, రంగులు, మైకులు, ముందూ వెనకా ప్రభలు. దారి పక్కన మేడల మీద కూడా జనమే. అన్న తలకు తువ్వాలు చుట్టుకుని ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో దండాలు. ఎవరు పేరు పెట్టి పిలిస్తే వాళ్లకు ఒక దండం. "పిన్నీ, ఇటు చూడు, ఫోటో!" అని పిల్లలు అరుస్తున్నారు. వదిన చూడలేదు. ప్రభ చూడలేదు, కొండా చూడలేదు. ఎండకు కళ్లు చికిలించుకుని సూది ఒక్కటే చూస్తూ కూర్చుంది. నేను ముందు చక్రం పక్కన నడుస్తున్నాను.

ఎల్లమంద ఊరు దాటాక రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. పోయిన ఏడు బండి ఆగింది సరిగ్గా ఆ ఎత్తులోనే. ముందు జనం ఒత్తుకోవడంతో పది అడుగులు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ఎండ ఇంకా మండుతూనే ఉంది. ఇంజన్ గొంతు మారింది.

"ఆపు" అంది వదిన.

"ఎర్రలోకి రాలేదే ఇంకా."

"ఆపమన్నానా?"

నేను తొంగి చూశాను. సూది ఎర్రగీతకు ఒక గీత ఇవతల ఉంది. ఇంకాస్త దూరం వెళ్లేదేమో. వెళ్లకపోయేదేమో. అన్న నా వైపు చూశాడు. నేను సూదినే చూస్తున్నాను. వెనక్కి తిరిగి చూశాడు. నాలుగూళ్ల ప్రభలు బారులు తీరి వస్తున్నాయి. మళ్లీ అదే చోటు, అదే జనం, అవే నోళ్లు. స్టీరింగ్ మీద ఆయన చేతి నరాలు ఉబ్బడం నాకు కనబడింది.

క్లచ్ తొక్కాడు. న్యూట్రల్‌లో వేసి బ్రేకు బిగించాడు. కుర్రాళ్లు ప్రభ చక్రాల కింద రాళ్లు పెట్టారు. ఇంజన్ స్లోలో తిరుగుతోంది.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఈలలు, కేకలు. విజిల్ మెడలో వేసుకుని కృష్ణచైతన్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఏమైంది బాబాయ్? మళ్లీ హీటెక్కిందా? ప్రదీప్‌కి ఫోన్ కొట్టమంటావా?"

నేను జవాబు చెప్పబోయాను. అంతలో నాగభూషణం అన్న సీట్లోంచి లేచి నిలబడ్డాడు. కృష్ణచైతన్యకే కాదు, వెనక ప్రభల వాళ్లందరికీ వినబడేలా గొంతెత్తాడు.

"హీటెక్కలా! మా ఆవిడ ఆపమంది, ఆపా! ఆమె పొమ్మన్నప్పుడు పోద్ది!"

ఎవరో నవ్వారు, ఎవరో ఏదో అన్నారు. అన్న పట్టించుకోలేదు. కూర్చుని, తువ్వాలు విప్పి, ఆమె తల మీద ఎండ పడకుండా కప్పాడు. వదిన ఆయన వైపు చూడలేదు. సూది దిగేదాకా అలాగే కూర్చుంది. నాలుగూళ్ల ప్రభలూ ఆమె కోసం ఆగి ఉన్నాయి.